పోలీసు కాల్పుల్లో మనిషి పోతే, కేసు ఎవరి మీద?

1997 మార్చి 31. ఢిల్లీ కన్నాట్ ప్లేస్ దగ్గర బారాఖంబా రోడ్డు. పట్టపగలు, జనం తిరుగుతున్న చోట, నీలం రంగు మారుతీ ఎస్టీమ్ కారును క్రైమ్ బ్రాంచ్ పోలీసులు చుట్టుముట్టి కాల్పులు జరిపారు. లోపల ముగ్గురున్నారు. ఇద్దరు చనిపోయారు. మూడో మనిషి తీవ్ర గాయాలతో బతికాడు. పోలీసులు వెతుకుతున్నది ఉత్తరప్రదేశ్ గ్యాంగ్‌స్టర్ ఒకణ్ని. కారులో ఉన్నది మాత్రం నేరంతో ఏ సంబంధమూ లేని మామూలు మనుషులు.

ఆ తర్వాత పోలీసులు కేసు రాశారు. ఎవరి మీద? కారులో ఉన్నవాళ్ల మీద. వాళ్లే ముందు కాల్చారనీ, ప్రాణాలు కాపాడుకోవడానికి తాము ఎదురు కాల్పులు జరిపామనీ, కారులో పిస్తోలు కూడా దొరికిందనీ చెప్పారు. గొడవ పెద్దదయ్యాక హత్య కేసు విడిగా నమోదైంది, దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. కారులోంచి ఎవరూ కాల్చలేదని, ఆ పిస్తోలు తర్వాత తెచ్చి పెట్టిందేనని కోర్టులు తేల్చాయి. 2007లో ఒక ఏసీపీతో సహా 10 మంది పోలీసులకు జీవిత ఖైదు పడింది. 2009లో ఢిల్లీ హైకోర్టు, 2011లో సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయం చేశాయి. దేశ రాజధాని నడిబొడ్డున, వందల మంది చూస్తుండగా జరిగిన ఘటనలో లెక్క తేలడానికి 14 ఏళ్లు పట్టింది. మారుమూల ఊళ్లో, రాత్రిపూట, సాక్షులు లేని చోట జరిగితే?

ఈ వ్యాసంలో నేను పట్టుకున్న దారం ఒక్కటే. పోలీసు తూటాకు మనిషి చనిపోయాక న్యాయం దొరుకుతుందా లేదా అన్నది చాలావరకు మొదటి కొన్ని గంటల్లో, మొదటి కాగితం మీదే తేలిపోతుంది. ఆ కాగితం ఎఫ్ఐఆర్. అందులో ముద్దాయి గడిలో ఎవరి పేరు పడిందన్నదే అసలు ప్రశ్న.

ముందు ఒక అపోహ తీసేయాలి. పోలీసులకు కాల్చే హక్కు ఉందని చాలామంది అనుకుంటారు. మన చట్టంలో అలాంటి ప్రత్యేక హక్కు లేదు. ‘ఎన్‌కౌంటర్’ అన్న మాట శిక్షాస్మృతిలో ఎక్కడా కనపడదు. ఎదుటివాడు చంపబోతుంటే తనను తాను కాపాడుకునే ఆత్మరక్షణ హక్కు నాకూ మీకూ ఎంత ఉందో, కానిస్టేబుల్‌కూ అంతే ఉంది. పాత శిక్షాస్మృతి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు దాని గురించే. అందులోనూ 37వ సెక్షన్ హద్దు గీస్తుంది: కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు. ఇక అరెస్టు సంగతి. పారిపోతున్న మనిషిని పట్టుకోవడానికి బలం వాడొచ్చు. కానీ మరణశిక్షో జీవిత ఖైదో పడే నేరం ఆరోపణ లేని మనిషి ప్రాణం తీసే హక్కు ఈ సెక్షన్ ఇవ్వదని, అరెస్టు, దర్యాప్తు పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షన్ సూటిగా చెబుతుంది. పాత సీఆర్‌పీసీలో ఇదే 46వ సెక్షన్. చెక్‌పోస్టు దగ్గర బండి ఆపకుండా వెళ్లినవాడినీ, జేబుదొంగనీ, ఊరేగింపులో నినాదాలిచ్చినవాడినీ పారిపోతున్నాడన్న కారణంతో కాల్చి చంపడానికి వీల్లేదు.

అంటే పోలీసు కాల్పుల్లో ఒక మనిషి చనిపోయాడంటే, చట్టం దృష్టిలో ముందు జరిగింది ఒక ప్రాణం తీయడం. అది సమర్థించదగ్గదా కాదా అన్నది తర్వాతి ప్రశ్న. ఆత్మరక్షణ అని వాదించేవాళ్లే దాన్ని కోర్టులో చూపించుకోవాలి. మామూలు మనుషుల విషయంలో జరిగేది ఇదే. పొలం గట్టు దగ్గర గొడవలో ఒకడు చనిపోతే, చంపినవాడు ‘వాడే ముందు గొడ్డలెత్తాడు’ అంటే పోలీసులు సరేనని వదిలేయరు. కేసు కట్టి, ఆ మాట జడ్జి దగ్గర చెప్పుకోమంటారు.

పోలీసులే కాల్చినప్పుడు వరస తలకిందులవుతుంది. కాల్పుల్లో పాల్గొన్న అధికారే స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇస్తాడు. చనిపోయినవాడు మా మీద హత్యాయత్నం చేశాడని రాస్తారు. పాత ఐపీసీ 307, ఇప్పటి న్యాయ సంహిత 109. మృతుడు ముద్దాయి అవుతాడు, కాల్చినవాళ్లు బాధితులవుతారు. దర్యాప్తు చేయాల్సింది ‘హత్యాయత్నం జరిగిందా’ అని. నిందితుడు చనిపోయాడు కాబట్టి కేసు మూసేస్తారు. మనిషిని ఎవరు చంపారు, ఎందుకు చంపారు అన్న ప్రశ్న ఆ ఫైల్లో ఎక్కడా ఉండదు. దర్యాప్తు జరిగినట్టే ఉంటుంది, జరగాల్సిన దర్యాప్తు మాత్రం మొదలే కాదు.

ఈ కిటుకును అధికారికంగా మొదట పట్టుకున్నది మన రాష్ట్రం ఫిర్యాదుల వల్లే. ఎన్‌కౌంటర్ల మీద ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లింది. చనిపోయినవాళ్లనే ముద్దాయిలుగా చూపి, కేసులు మూసేసే అలవాటును కమిషన్ తప్పుబట్టింది. అప్పటి ఛైర్మన్ జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ లేఖ రాశారు. కాల్చిన పోలీసులు ఏ స్టేషన్‌కు చెందినవాళ్లో ఆ స్టేషనే దర్యాప్తు చేయకూడదు, సీఐడీ లాంటి వేరే సంస్థకు ఇవ్వాలి అన్నది దాని సారం. ఆ లేఖ తేదీ 1997 మార్చి 29. బారాఖంబా రోడ్డు కాల్పులకు సరిగ్గా రెండు రోజుల ముందు.

తర్వాత 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం ఇంకా గట్టిగా చెప్పింది. పోలీసుల చేతిలో మనిషి చనిపోతే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలి, ఆత్మరక్షణ అన్న మాట నిజమో కాదో దర్యాప్తు అధికారి కాదు, కోర్టు తేల్చాలి, మెజిస్టీరియల్ విచారణ దీనికి బదులు కాదు అంది. నా దృష్టిలో ఈ అంశం మీద ఇంత స్పష్టంగా మాట్లాడిన తీర్పు ఇంకొకటి లేదు. కానీ కొద్ది రోజులకే సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది.

ఇప్పుడు దేశమంతటికీ వర్తించేది 2014 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. 1995-97 మధ్య ముంబైలో జరిగిన 99 ఎన్‌కౌంటర్లు, వాటిలో పోయిన సుమారు 135 ప్రాణాల మీద పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసు అది. చీఫ్ జస్టిస్ ఆర్.ఎం. లోధా, జస్టిస్ రోహింటన్ నారిమన్ 16 మార్గదర్శకాలు ఇచ్చారు. ఎఫ్ఐఆర్ కట్టి ఆలస్యం లేకుండా కోర్టుకు పంపాలి. సీఐడీయో వేరే స్టేషన్ బృందమో దర్యాప్తు చేయాలి, దానికి నాయకత్వం వహించే అధికారి కాల్పుల బృందం పెద్ద కంటే కనీసం ఒక హోదా పైన ఉండాలి. జిల్లా ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు పోస్టుమార్టం చేయాలి, దాన్ని వీడియో తీయాలి. కాల్చిన ఆయుధాలు ఫోరెన్సిక్ పరీక్షకు అప్పగించాలి. మెజిస్టీరియల్ విచారణ తప్పనిసరి. కుటుంబానికి వెంటనే చెప్పాలి. ఘటన జరగ్గానే ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు. ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు కానీ, నాకు ఇది చాలా ముఖ్యం అనిపిస్తుంది. శవం చల్లబడకముందే బహుమతి ప్రకటిస్తే, రేపు దర్యాప్తు అధికారి ఏం రాయాలో ఈ రోజే చెప్పినట్టు.

ఇంత వివరంగా ఉన్న తీర్పులోనూ ఒక సందు మిగిలిపోయింది. ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి అన్నారు గానీ, కాల్చినవాళ్ల మీద నమోదు చేయాలి అని విడమరిచి రాయలేదు. దాంతో మృతుడి మీద హత్యాయత్నం కేసు కట్టి, ‘ఎఫ్ఐఆర్ కట్టాం కదా’ అనే వీలు మిగిలింది.

ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్ పడిందన్నది కేవలం పేరు సమస్య కాదు. దాన్ని బట్టే సాక్ష్యం నిలుస్తుంది, పోతుంది. నేల మీద పడిన తూటా ఖోకాలు (పేలాక మిగిలే తొడుగులు), రక్తపు మరకలు, కారు అద్దం పగిలిన తీరు, మృతుడి చొక్కా, ఇవన్నీ హత్య దర్యాప్తులో ప్రాణం లాంటివి. అధికారి మీద హత్యాయత్నం జరిగిందన్న దర్యాప్తులో మాత్రం ఇవి ఎవరికీ పెద్దగా అక్కర్లేదు.

చొక్కానే తీసుకోండి. తుపాకీని ఒంటికి బాగా దగ్గరగా పెట్టి కాల్చితే గాయం చుట్టూ మసి పడుతుంది. కొంచెం దూరం నుంచైతే మసి పోయి, కాలని తుపాకీ మందు రేణువులు చర్మంలో గుచ్చుకుని చుక్కల్లా కనిపిస్తాయి. బాగా దూరం నుంచి కాల్చితే ఈ రెండూ ఉండవు, తూటా దూరిన రంధ్రం, దాని అంచున ఒరుసుకుపోయిన గుర్తు మాత్రమే ఉంటాయి. ఒంటి మీద బట్ట ఉంటే ఆ మసీ రేణువులూ బట్ట మీదే ఆగిపోతాయి. అందుకే చొక్కా పోతే దూరం లెక్క పోయినట్టే. ‘30 అడుగుల దూరం నుంచి ఎదురు కాల్పులు’ అని ఎఫ్ఐఆర్‌లో ఉండి, చొక్కా మీద మసి ఉంటే ఆ ఎఫ్ఐఆర్ అబద్ధమని చొక్కా చెబుతుంది. అలాగే తూటా ఎటు నుంచి దూరి ఎటు బయటికి వచ్చింది, పైనుంచి కిందికి వెళ్లిందా, వీపులో దూరిందా అన్నది పోస్టుమార్టం చెబుతుంది. మృతుడు కాల్చాడు అంటే అతని చేతి మీద మందు అవశేషాలు ఉన్నాయా అని ముందే దూది అద్ది తీసి పరీక్షకు పంపాలి. శవాన్ని కడిగాక ఆ పరీక్షకు అర్థం లేదు.

కొత్త సురక్షా సంహిత 176వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, వీడియో తీయాలి. దీన్ని దశలవారీగా అమలు చేసుకోవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఉంది. పోలీసు కాల్పుల ఘటనల్లో దీన్ని గడువుతో పని లేకుండా ఇప్పుడే మొదలుపెట్టాలని నేను గట్టిగా కోరుకుంటాను. నిజాయితీగా, ప్రాణాపాయంలో తుపాకీ పేల్చిన పోలీసును కాపాడేది కూడా ఆ మసీ ఆ ఖోకాలే. 2014 తీర్పు ఆ వైపూ చూసింది. కాల్చిన అధికారి కుటుంబానికి సమాచారం ఇవ్వాలనీ, అవసరమైతే ఆ కుటుంబానికి లాయర్, కౌన్సెలింగ్ అందించాలనీ అందులో ఉంది. మనిషిని చంపిన భారం మోసే కానిస్టేబుల్‌ను కూడా మనిషిగానే చూడమంది.

మెజిస్టీరియల్ విచారణ అనగానే జడ్జి చేస్తాడని చాలామంది అనుకుంటారు. ఎక్కువగా చేసేది ఆర్డీఓ లాంటి రెవెన్యూ అధికారి. కస్టడీలో చనిపోతేనే జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి. ఆర్డీఓ నివేదిక చనిపోయిన కారణం చెప్పగలదు, ఎవరికీ శిక్ష వేయలేదు.

గుంపు మీద కాల్పులైతే దారి వేరు. చట్టవిరుద్ధంగా గుమిగూడిన జనాన్ని చెదరగొట్టడానికి బలం వాడే అధికారం సురక్షా సంహిత 148 ఇస్తుంది. హెచ్చరిక, లాఠీ, టియర్ గ్యాస్, అన్నీ అయ్యాక చివరి గత్యంతరంగా కాల్పులు, అదీ ప్రాణం తీసేలా కాకుండా, గుంపు చెదరగానే ఆపేయాలి అన్నది పోలీసు శిక్షణలో నేర్పే వరస. విద్యుత్ ఛార్జీల ఆందోళనలో బషీర్‌బాగ్‌లో 2000 ఆగస్టు 28న ముగ్గురు, భూపోరాటంలో ముదిగొండలో 2007 జులై 28న ఏడుగురు చనిపోయిన రోజులు గుర్తున్నవాళ్లకు ఆ వరస కాగితం మీద ఎంత బాగుంటుందో తెలుసు. తూత్తుకుడిలో 2018 మే నెలలో స్టెరిలైట్ రాగి ఫ్యాక్టరీ వ్యతిరేక ఆందోళన మీద కాల్పుల్లో 13 మంది పోయారు. జస్టిస్ అరుణా జగదీశన్ కమిషన్ 17 మంది పోలీసు అధికారుల మీద చర్య తీసుకోమంది.

కమిషన్ల విషయంలో ఒక సంగతి సూటిగా చెప్పాలి. ఘటన మీద జనం ఆగ్రహంగా ఉన్నప్పుడు ‘న్యాయ విచారణ వేశాం’ అని ప్రభుత్వం ప్రకటిస్తే సగం కోపం తగ్గిపోతుంది. కానీ 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ప్రకారం ఆ నివేదిక సిఫార్సు మాత్రమే. కమిషన్ ముందు ఒక అధికారి నిజం ఒప్పుకున్నా, ఆ మాటను క్రిమినల్ కేసులో అతని మీద వాడటానికి ఆరో సెక్షన్ ఒప్పుకోదు. కమిషన్ నిజం బయటపెడుతుంది, కేసును అది నడపదు. కేసు కట్టకుండా కమిషన్ వేశారంటే ఏళ్ల తరబడి ఆలస్యానికి దారి వేసినట్టే.

చటాన్‌పల్లి దీనికి దగ్గరి ఉదాహరణ. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున, ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు పోలీసుల చేతుల్లో ఉండగానే కాల్పుల్లో చనిపోయారు. పిస్తోళ్లు లాక్కుని మా మీద కాల్చారని పోలీసులు చెప్పారు. జనం పూలు చల్లారు. ఆ అమ్మాయికి జరిగిన దారుణం తలుచుకుంటే ఆ ఆవేశం ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. అయినా ఆ పూలు నన్ను ఇవాళ్టికీ బాధపెడతాయి. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. పోలీసులు చెప్పింది నమ్మశక్యంగా లేదనీ, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారనీ, నలుగురిలో ముగ్గురు మైనర్లనీ, 10 మంది పోలీసులను హత్య నేరం కింద విచారించాలనీ తేల్చింది. ఆ మైనర్ల సంగతి పూలు చల్లిన రోజున ఎవరూ అడగలేదు. విచారణ అన్నది ఉండేది అలాంటివి అడగడానికే.

హత్య కేసు కట్టినా, ఛార్జిషీటు వేసినా, ఇంకో గేటు దాటాలి. విధి నిర్వహణలో చేసిన పని మీద ప్రభుత్వోద్యోగిని విచారించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. పాత సీఆర్‌పీసీ 197, ఇప్పటి సురక్షా సంహిత 218. కొత్త చట్టంలో ఒక మేలు జరిగింది. 120 రోజుల్లో ప్రభుత్వం ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. కానీ ‘విధి నిర్వహణ’ అంటే ఏమిటన్నది ఇంకా తెగని ముడి. 2012లో ఓంప్రకాశ్ వర్సెస్ జార్ఖండ్ తీర్పులో సుప్రీంకోర్టు, కరుడుగట్టిన నేరస్థుడన్న కారణంతో నిందితుణ్ని చంపడం పోలీసుల పని కాదు అంది. ఈ ముక్కను అందరూ ఎత్తి చెబుతారు. అదే తీర్పులో, ఆ కేసులోని పోలీసులు విధిలో భాగంగానే కాల్చారనీ, అనుమతి లేకుండా వేసిన ఫిర్యాదు చెల్లదనీ కొట్టేసింది. మందలింపు ఆ తీర్పులోదే, రక్షణా ఆ తీర్పులోదే.

శిక్షలోనూ ఒక మెలిక ఉంది. అధికారి తన అధికారం హద్దు దాటినా, చట్టబద్ధమనీ విధికి అవసరమనీ మంచి నమ్మకంతో, పగ లేకుండా ప్రాణం తీస్తే అది హత్య కాదు, హత్య కిందికి రాని ప్రాణహరణం అని న్యాయ సంహిత 101లో మూడో మినహాయింపు చెబుతుంది. పాత ఐపీసీలో ఇది 300వ సెక్షన్. ఉత్తరప్రదేశ్‌లోని పీలీభీత్‌లో 1991 జులైలో బస్సులో వెళ్తున్న సిక్కు యాత్రికులను దించి కాల్చి చంపిన కేసులో, 2016లో 47 మంది పోలీసులకు జీవిత ఖైదు పడింది. 2022లో అలహాబాద్ హైకోర్టు ఈ మినహాయింపునే చూపి, 43 మందికి శిక్షను ఏడేళ్లకు తగ్గించింది. బస్సులోంచి దించిన మనుషుల్ని కాల్చడంలో ‘మంచి నమ్మకం’ ఎక్కడుందో నాకైతే అర్థం కాలేదు. సిర్పూర్కర్ కమిషన్ ఇదే మినహాయింపు చటాన్‌పల్లి పోలీసులకు వర్తించదంది. కాల్పుల కథే నమ్మలేనిది అయినప్పుడు మంచి నమ్మకం మాటే రాదని దాని తర్కం.

‘పైనుంచి ఆర్డర్ వచ్చింది’ అన్నది కూడా రక్షణ కాదు. 2011లో ప్రకాశ్ కదమ్ కేసులో సుప్రీంకోర్టు, పై అధికారి చెప్పాడని బూటకపు ఎన్‌కౌంటర్ చేస్తే తప్పించుకోలేరని నూరెంబర్గ్ విచారణలను గుర్తుచేసి మరీ హెచ్చరించింది. ఆర్డర్ ఇచ్చినవాళ్లు బోనులోకి రావడం మాత్రం అరుదు.

చనిపోయింది ఎవరన్నదాన్ని బట్టి కూడా కాగితం మారుతుంది. 2018 సెప్టెంబర్‌లో లక్నోలో రాత్రి కారులో ఇంటికి వెళ్తున్న పెద్ద కంపెనీ ఉద్యోగి ఒకణ్ని కానిస్టేబుల్ కాల్చి చంపితే, వెంటనే హత్య కేసు, వెంటనే అరెస్టు. అది సరైన పనే. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో 20 మంది తమిళ కూలీలు చనిపోయినప్పుడు, రాళ్లతో గొడ్డళ్లతో దాడి చేశారన్న పోలీసుల కథే ముందు వచ్చింది. భర్తల శవాలకు మళ్లీ పోస్టుమార్టం చేయించడానికి ఆడవాళ్లు కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది.

అలాంటి రోజు ఒక ఇంటికి వస్తే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎఫ్ఐఆర్ నకలు అడగండి, ముద్దాయి గడిలో ఎవరున్నారో చూడండి. హత్య జరిగిందని రాతపూర్వకంగా మీ ఫిర్యాదు విడిగా ఇవ్వండి, తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపి రసీదు దాచండి. మెజిస్ట్రేట్ దగ్గరికీ వెళ్లొచ్చు, అయితే ప్రభుత్వోద్యోగి మీద ఫిర్యాదైతే సురక్షా సంహిత 175వ సెక్షన్ ప్రకారం ముందు పై అధికారి నివేదిక, ఆ ఉద్యోగి వాదన చూస్తారు, ఆలస్యం అవుతుంది. మార్గదర్శకాలు పాటించకపోతే సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేసే వీలు 2014 తీర్పులోనే ఉంది. హైకోర్టులో రిట్ వేయొచ్చు. మానవ హక్కుల కమిషన్‌కు ఏడాది లోపు వెళ్లాలి. పరిహారం ఇస్తామంటే తీసుకోండి, దానికీ కేసుకూ సంబంధం లేదు, రాజీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

అన్నిటికంటే ముందు పోస్టుమార్టం వీడియో తీశారా అని అడగండి. బట్టలు సీల్ చేశారా అని అడగండి. చటాన్‌పల్లి శవాలకు 2019 డిసెంబర్ 23న గాంధీ ఆసుపత్రిలో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు రెండోసారి పోస్టుమార్టం చేయగలిగారంటే, హైకోర్టు ఆదేశంతో వాటిని భద్రపరిచారు కాబట్టే. తెల్లారేలోగా అంత్యక్రియలు అయిపోవాలని ఎవరైనా తొందర పెడుతుంటే, లాయర్ వచ్చేదాకా ఆగుతామని చెప్పండి.